గిగాహెర్ట్జ్‌తో పాటు వోల్టేజీ సంగతీ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం, అంటే తయారీదారు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడం గురించి సలహాలిచ్చే వారు ఎన్ని గిగాహెర్ట్జ్ వేగం వరకు వెళ్లవచ్చో ఉత్సాహంగా చెబుతారు గానీ, వోల్టేజీ గురించి, వేడి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. కొత్త యంత్రం కొనే స్తోమత లేక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌తోనే చదువు సాగిస్తున్న విద్యార్థి ఆ సలహా నమ్మి మదర్‌బోర్డు పోగొట్టుకుంటే మళ్లీ కొనుక్కోవడం సులభం కాదు. అందుకే ఈ లేఖ.

2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్‌నే తీసుకుందాం. దాని మూల వేగం 3.3 గిగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను (బోర్డు ఇచ్చే మూల లయను) 33 అనే మల్టిప్లయర్‌తో (గుణకంతో) హెచ్చిస్తే వచ్చేది ఆ వేగమే. పేరు చివర ‘కె’ ఉన్నందున మల్టిప్లయర్‌ను పెంచుకునే వీలుంది. అయితే పీ67, జెడ్68 వంటి చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న మదర్‌బోర్డు కూడా కావాలి. తక్కువ ధరకు దొరికే హెచ్61 బోర్డులకు ఇంటెల్ ఆ సౌకర్యం ఇవ్వలేదు. అలాంటి బోర్డు ఉన్నవారు బేస్ క్లాక్‌నే పెంచడానికి పూనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే ఈ తరంలో గ్రాఫిక్స్ కార్డు వంటివాటిని కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్, హార్డ్‌డిస్క్‌ను కలిపే సాటా లింకుల వేగం కూడా ఆ క్లాక్‌కే ముడిపడి ఉంటుంది. దాన్ని కొద్దిగా జరిపినా హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది.

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు వేగం పెరిగిన నిష్పత్తిలోనే పెరుగుతుంది, వోల్టేజీ పెరిగితే మాత్రం దాని వర్గం (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువ) నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీ మార్చకుండా 3.3 నుంచి 4.2 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే విద్యుత్ వాడకం సుమారు 27 శాతం పెరుగుతుంది. అదే వేగం నిలకడగా నడవడం కోసం 1.20 వోల్టులను 1.35 చేస్తే ఆ పెరుగుదల 60 శాతం దాటిపోతుంది. ఆ విద్యుత్తు వల్ల పుట్టే వేడినంతా ప్రాసెసర్ మీది హీట్‌సింకే (వేడిని పీల్చే లోహపు దిమ్మె) బయటికి పంపాలి, ఆ కరెంటునంతా మదర్‌బోర్డు మీది విద్యుత్ భాగాలు, ఏళ్ల తరబడి వాడిన ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్ అందించే పెట్టె) తట్టుకోవాలి. కనుక వోల్టేజీని ముట్టుకోకుండా వచ్చినంత వేగంతోనే తృప్తిపడటం పాత యంత్రానికి క్షేమమని నా దృఢమైన అభిప్రాయం.

మన ఎండల మాట విదేశీ మార్గదర్శకాల్లో కనిపించదు. గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీల వద్ద నిలిచిన ప్రాసెసర్, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో 40 డిగ్రీల గదిలో 90కి చేరువవుతుంది. 100కు దగ్గరపడితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అంటే పెంచిన ఫలితమే దక్కదు. అందువల్ల పరీక్ష వేసవిలో చేయాలి, లేదా వేసవికి సరిపడా వెసులుబాటు ఉంచుకోవాలి.

ఆరంభించే ముందు ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, హీట్‌సింక్‌లో పేరుకున్న దుమ్ము తీసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. కొన్నిసార్లు ఈ శుభ్రతతోనే యంత్రం తేరుకుంటుంది, ఇక ఓవర్‌క్లాకింగ్ అవసరమే రాదు. తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల మూల సెట్టింగుల తెరలో) మల్టిప్లయర్‌ను ఒక్కొక్క మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టులోనూ ప్రాసెసర్‌తో ఆపకుండా లెక్కలు చేయించే ప్రైమ్95 వంటి పరీక్షను గంటల తరబడి నడిపి ఉష్ణోగ్రత గమనించాలి. పరీక్షలో ఒక్క లెక్క తప్పినా ఒక మెట్టు వెనక్కి రావలసిందే, ఎందుకంటే కంప్యూటర్ ఆగిపోకుండానే ఫైళ్లలో తప్పులు చేరవచ్చు. అసలు ఆన్ కాకపోతే, ప్లగ్ తీసి బోర్డు మీది సీమాస్ జంపర్‌తో (బయోస్ సెట్టింగులను చెరిపే చిన్న పిన్నుల తొడుగుతో) సెట్టింగులను మొదటి స్థితికి తేవచ్చు.

మీ సాంకేతిక శీర్షికలో ఈ విషయంపై సలహా ప్రచురించినప్పుడల్లా, సాధించిన వేగం పక్కనే వాడిన వోల్టేజీ, గది ఉష్ణోగ్రత, బోర్డు చిప్‌సెట్ పేరు కూడా తప్పనిసరిగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, ఖమ్మం