పేరు కొన్నారు సరే, బండి ఏదీ?

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అంబాసిడర్ గురించి రాస్తున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కే ఉంటారు. పాత బండ్లలో ముందు సీటు బెంచీలా ఉండేది. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి డ్రైవర్ పక్కన ఇద్దరు ఇరుక్కుని కూర్చునేవారు. ఎదురుగా లారీ వస్తే లైట్లు డిమ్ చేయడానికి చెయ్యి కాదు, ఎడమ కాలు కావాలి. ఆ బటన్ క్లచ్ పక్కన, కింద ఉండేది. టాక్సీ నడిపిన మా నాన్నకు ఎడమ చెప్పే ముందు అరిగేది.

2014 మేలో పశ్చిమ బెంగాల్‌లో అంబాసిడర్లు తయారయ్యే ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని ఆపేశారు. 2017లో వాటిని తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ అన్న పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకి అమ్మేసింది. ప్యూజో 2021లో పెద్ద కార్ల కంపెనీ స్టెల్లాంటిస్‌లో కలిసిపోయింది. వాళ్లు తమిళనాడులో సిట్రోయెన్ కార్లు చేస్తున్నారు. అంబాసిడర్ పేరుతో మాత్రం కొత్త కారు ఒక్కటీ రోడ్డెక్కలేదు.

విదేశీయులు కొన్నారని కాదండీ నా బాధ. అసలు అంబాసిడరే ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన ఇంట్లో పెరిగిన తమ్ముడు. 2008లో టాటా వాళ్లు ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని 230 కోట్ల డాలర్లకు కొన్నారు. ఇంగ్లండ్ వాళ్లకు అదీ విదేశీ యాజమాన్యమే. కానీ టాటా పేరొక్కటే కొనలేదు, ఫ్యాక్టరీలు, ఇంజనీర్లతో సహా కొన్నది. ఉత్తరపారాకి తాళం పడిన ఆ 2014లోనే ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో కొత్త ఇంజన్ ఫ్యాక్టరీ తెరిచింది. తర్వాత ఉద్యోగాల కోతలూ జరిగాయి, కాదనను. అయినా బండ్లు వస్తూనే ఉన్నాయి.

మనం అమ్మింది మూతపడ్డ ఫ్యాక్టరీ తాలూకు పేరు. అలాంటి పేరు కొన్నవాడికి దాన్ని వాడాలన్న తొందర ఏముంటుంది?

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 47వ సెక్షన్ ప్రకారం, ఐదేళ్లకు పైగా వాడకుండా వదిలేసిన పేరును రిజిస్టర్ నుంచి తీసేయమని అడగొచ్చు. అయితే దానివల్ల ఇబ్బంది పడ్డవాళ్లే అడగాలి. టాక్సీ డ్రైవర్ కొడుకుని ఆ లెక్కలోకి ఎవరు తీసుకుంటారు? అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి పాత పేర్లు చేతులు మారేటప్పుడు ఇన్నేళ్లలోగా ఇక్కడ బండి తయారుచేయాలని షరతు పెట్టే నిబంధన తీసుకురండి. అంబాసిడర్ విషయంలో షరతు పెట్టే సమయం దాటిపోయింది కాబట్టి, స్టెల్లాంటిస్ వాళ్లను పిలిచి ఒక్క మాట అడగండి: చేస్తారా, చేసేవాళ్లకి ఇచ్చేస్తారా?

ఇట్లు,
ఒక అంబాసిడర్ డ్రైవర్ కొడుకు