గ్రంథాలయ సెస్సు గ్రంథాలయానికే చేరాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలోని ఓ చిన్న ఊరి నుంచి రాస్తున్నాను. గ్రంథాలయాలు మీ శాఖ కిందికే వస్తాయి కనుక మా గోడు మీకే చెప్పుకోవాలి.

మా గ్రంథాలయాన్ని మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, ఊరే. రామమందిరం అరుగు మీద ఒక చెక్క బీరువా, ఆ తర్వాత ఒక పెంకుటిల్లు. శాఖా గ్రంథాలయం అన్న బోర్డు వచ్చింది చాలా ఏళ్లకి. అప్పటి రిజిస్టరు ఇంకా ఉంది. ప్రతి పుస్తకం పక్కనా ఇచ్చినవాళ్ల పేరు రాశారు. డబ్బు లేనివాళ్లు ధాన్యం కొలిచారు, ఆ కుంచాల లెక్క కూడా నీలం సిరాతో అలాగే ఉంది. ఒక పేజీలో సంతకం బదులు ఒకావిడ వేలిముద్ర కనిపిస్తుంది. తనకు అక్షరం రాకపోయినా ఊళ్లో పిల్లలు చదవాలని ఇచ్చిందావిడ. ఆ పేజీ అంచుని ఇప్పుడు చెద తింటోంది.

ఇలా సొంతంగా పూనుకోవడం మా ఉత్తరాంధ్రకి అలవాటే. విశాఖలో 1886లోనే మంతిన ఆదినారాయణమూర్తి గ్రంథాలయం పెట్టారు. రిటైరైన బడిపంతులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కేవలం తెలుగు కథల కోసమే కథానిలయం నెలకొల్పారు.

మేమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. వసూలైన సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. కానీ మా ఊళ్లో కొత్త పుస్తకం వచ్చి ఏళ్లు గడిచాయి. ఇన్‌చార్జి లైబ్రేరియన్ పాపం రెండు ఊళ్లు చూసుకోవాలి. డీఎస్సీకి చదివే ఆడపిల్లలు తాళం ఎప్పుడు తీస్తారా అని మెట్ల మీద కూర్చుంటున్నారు. కోచింగ్‌కి వేలు పోసే స్థోమత వాళ్లకుంటే ఆ మెట్ల మీద ఎందుకుంటారు?

అయ్యా, సెస్సు వసూలైన నెలలోనే గ్రంథాలయ ఖాతాకి నేరుగా జమయ్యేలా ఆదేశాలివ్వండి. పాత బకాయిలు ఎంతో, ఎక్కడ ఆగాయో ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించండి. మా ఊరికి పూర్తికాలం లైబ్రేరియన్‌ని వేయండి. చెద మిగతా పేజీలకి పాకకముందే ఇలాంటి పాత రిజిస్టర్లన్నిటినీ స్కాన్ చేయించండి.

మా ఇంటి పన్ను రసీదు నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను. సెస్సు ఎంత కట్టానో అందులో విడిగా చూపించారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం జిల్లా