ఆదివారం నాకోసం తలుపు తెరిచిన మేడమ్‌కు

నిన్న మధ్యాహ్నం నా చెవుడుకు పరిహారం డబ్బు బ్యాంకులో పడింది. రాత్రి కన్ను మూతపడలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా ఇది ఈ రోజే రాయాలి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2011 నుంచి 2019 దాకా అఫ్గానిస్థాన్‌లోని బాగ్రాం అమెరికా సైనిక స్థావరంలో జనరేటర్ మెకానిక్‌గా పనిచేశాను. రోజుకు పన్నెండు గంటలు డీజిల్ ఇంజన్ల మధ్య, పైన విమానాల మోత. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు చేరిన రోజు ఒక జత ఇచ్చారు. అవి నలిగిపోయాక అడిగితే స్టోరులో లేవన్నారు. ఆ తర్వాత దూదే దిక్కయింది.

ఇంటికి వచ్చాక మనవరాలి పెదవులు కదలడం కనిపించేది, మాట అందేది కాదు. అందరూ అరిచి చెప్పేవారు. అరుపు వినపడుతుంది, అందులోని మాట వినపడదు. ఈ తేడా ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు.

అలాంటి స్థావరాల్లో పనిచేసిన కాంట్రాక్టు కార్మికులకు, ఏ దేశం వారైనా, 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ అనే అమెరికా చట్టం కింద పరిహారం ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. దరఖాస్తు పెడితే, మా యజమాని తరఫు బీమా కంపెనీ ఇది వయసు వల్ల వచ్చిన చెవుడంది. మొదటి పరీక్ష కాగితం చెల్లదంది. పైగా నేను వినపడనట్టు నటిస్తున్నానంది. ఎనిమిదేళ్లు ఆ మోతలో నిలబడ్డ మనిషిని పట్టుకుని ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పుడు కరీంనగర్‌లో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అరవలేదు. వెలుతురు తన ముఖం మీద పడేలా నాకు ఎదురుగా కుర్చీ జరుపుకొని నెమ్మదిగా మాట్లాడారు. నాకు అందని మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు. శబ్దం రాని గదిలో పరీక్ష చేశాక, వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారు. సెలవు రోజు నా ఒక్కడి కోసం తాళం తీశారు. రెండోసారి పరీక్ష అయ్యాక రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వైపు ఎత్తి చూపించారు. నా వినికిడి చూపించే రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కింద ఇలా రాశారు: "నటించేవారికి రెండుసార్లు ఇలా రాదు. మీరు నిజమే చెబుతున్నారు." నేను అక్కడే ఏడ్చేశాను. ఆవిడ ఫ్యాను ఆపి, నేను తేరుకునేదాకా పక్కనే కూర్చున్నారు. రెండో పరీక్షకు రూపాయి తీసుకోలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంది.

4000 హెర్ట్జ్, అంటే సన్నని శబ్దాల దగ్గర, గీత బావిలోకి జారినట్టు పడిపోయింది. అది మోత చేసిన గాయమని ఆవిడ నివేదికలో రాశారు. కానీ పరిహారం లెక్కలో ఆ 4000 రాదట. 500 నుంచి 3000 వరకు నాలుగు చోట్ల సగటే చూస్తారు. ఎక్కడ ఎక్కువ పోయిందో దాన్నే వదిలేసే లెక్క ఏమి లెక్క? నాకు ఆ సగటు కుడి చెవిలో 45 డెసిబెల్స్, ఎడమ చెవిలో 51. చట్టం సూత్రం ప్రకారం రెండు చెవులకూ కలిపి 31.5 శాతం నష్టం. రెండు చెవులకూ పూర్తి పరిహారం 200 వారాలు కనుక నాకు 63 వారాలు, వారపు జీతంలో మూడింట రెండు వంతుల చొప్పున. ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. అమెరికా పౌరులు కాక, అమెరికాలో గానీ కెనడాలో గానీ నివసించని వారికి పూర్తి శాశ్వత వైకల్యం వంటి కొన్ని రకాల కింద ఇక ముందు రావలసిన వాయిదాలను లెక్కకట్టి సగమే చేతిలో పెట్టడానికి ఆ చట్టం వీలిస్తుంది. చెవికి వారాలు చట్టంలోనే ముందే కట్టి ఉన్నాయి కనుక ఆ కోత నాకు తగల్లేదు, బతికాను. గాయం అందరికీ ఒకటే కదా!

నాతో పనిచేసినవారు ఇది చదువుతుంటే, నివేదికతో సహా పరీక్ష కాగితం మీ చేతికి వచ్చిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టండి. ఆలస్యం చేయకండి.

మా ఆవిడ, అబ్బాయి నా వెంటే ఉన్నారు. వారికి వేరే చెప్పేదేముంది.

పాత జీతం చీటీల ఫోటోలు వెతికి పంపిన నేపాలీ తమ్ముడికి, నా నుంచి పైసా అడగకుండా కేసు నడిపిన అమెరికా వకీలుకు కృతజ్ఞతలు. ఆయన ఫీజు బీమా కంపెనీయే కట్టాల్సి వచ్చింది. అయ్యో, ఇంగ్లిషు ఉత్తరాలన్నీ చదివి చెప్పిన మా వీధి ట్యూషన్ మాస్టారిని మరచిపోయాను. జిరాక్సు షాపు అబ్బాయిని కూడా. ఆ రెండు ఆదివారాలూ, కాదు, ఒకటే ఆదివారం, బస్టాండు నుంచి క్లినిక్ దాకా తీసుకెళ్లి బయట ఎదురుచూసిన ఆటో అతన్ని పేరు కూడా అడగలేదు.