మేక తాడు ఆ గుంటడి చేతికే ఇచ్చెయ్యమ్మా

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మీ అమ్మా నేనూ రెండుసార్లు విన్నాం, అందులో సగం నీ మాట సగం మేక అరుపు, వెనకాల ఎవడో గుంటడు నేపాలీలో కేకలు. మీ అమ్మైతే "పిల్లల హోమ్ అని చెప్పి నేపాల్ వెళ్ళి మేకల సాలలో పడుకుంటోందా ఏటి ఇది" అంది. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని టైప్ చేస్తున్నా, పొడుగైందని తిట్టుకోకు. భాష బాగోలేదని కూడా అనకు, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మనది, పర్లాకిమిడి వాడు మాట్లాడినట్టు రాయకపోతే ఇంకెవడు రాస్తాడు.

ముందు ఆ కుక్కపిల్ల సంగతి. ఆడుకుంటుంటే పన్ను తగిలింది, రక్తం రాలేదు, గీత పడిందంతే అన్నావు. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేసిన వాడి కూతురి నోట్లోంచి రావాల్సిన మాటేనా అది? గీతైనా సరే చర్మం లేచిందంటే కొళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకుని కడగాలి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళే ముందు ఇక్కడ రేబిస్ రాకుండా రెండు ఇంజెక్షన్లు వేయించుకున్నాను కదా అనుకుంటున్నావేమో, అవి ఉన్నా కరిచాక మళ్ళీ రెండు పడాల్సిందే, ఒకటి వెంటనే, ఒకటి మూడో రోజు. ముందు వేయించుకున్నందుకు లాభం ఏమిటంటే ఆ ఖరీదైన సీరం అక్కర్లేదు, అంతే. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువుకో, బేగి వెళ్ళు. రేబిస్ బయటపడ్డాక మందు లేదు, నేను చూశాను, దాని గురించి రాయను.

ఇంకోటి, ఆ కుక్కపిల్ల నీ ఒక్కదానితోనే ఆడదు కదా. పిల్లలు చెప్పరమ్మా. చెప్తే తిడతారనో, కుక్కని తీసుకెళ్ళి ఎక్కడో వదిలేస్తారనో దాచేస్తారు. నువ్వు నీ చెయ్యి చూపించి "నాకు గీరింది, నేను సూదికి వెళ్తున్నా, ఇంకెవరికైనా గీరిందా" అని అడుగు, అప్పుడు ఒక్కొక్కడూ మోచేతులు చూపిస్తాడు. దాన్ని ఎవరూ వదిలెయ్యరని ముందే చెప్పు. దానికి మూడు నెలలు నిండగానే టీకా వేయించమని హోమ్ వాళ్ళకి చెప్పు. నేపాలీలో కుకుర్ అంటే కుక్క అని నేర్చుకున్నానని మురిసిపోయావు గానీ ఒడియాలో కుకుర అనే కదా అంటాం, పన్నెండేళ్ళు ఒడియా మీడియంలో చదివి కొత్తగా నేర్చుకున్నావా.

మేక. చుక్కి అని పేరు పెట్టావు, బాగుంది, ఫొటోలో నుదుటి మీద మచ్చ చూశాను. కానీ పిల్లలు తినగా మిగిలిన అన్నం అంతా తట్టలో పోసి దానికి పెడుతున్నారు, అది చూసి నా గుండె ఆగింది. అన్నం మేక పొట్టలో పులిసి యాసిడ్ అయిపోతుంది. పాపం ఆకలి అని ప్రేమగా పెట్టి చంపేసిన వాళ్ళని మన ఊరి చుట్టుపక్కల చాలామందిని చూశాను, పెళ్ళి భోజనాలైన మర్నాడు ఆసుపత్రి ముందు మేకలు క్యూ కట్టేవి. ఎడమ డొక్క మీద వేలితో కొట్టి చూడు, డప్పులా మోగితే ఉబ్బరం. అప్పుడు చెంచాడు వంటసోడా నీళ్ళలో కలిపి మూతి పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి, తల ఎత్తి పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ తర్వాత పశువుల డాక్టర్ని పిలవాలి, నాన్న ఫోన్లో చెప్పాడు కదా అని ఊరుకోకు. అన్నం అలవాటు మాత్రం మాన్పించు. ఆకు, గడ్డి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ముందు పళ్ళు ఊడిన గుంటడు నువ్వు రాక ముందు నుంచీ చుక్కికి గడ్డి కోసుకొచ్చేవాడని చెప్పావు. ఇప్పుడు నువ్వే పొద్దున్నా సాయంత్రం పెడుతున్నావట, అది నీ వెనకే తిరుగుతోందట, వాడు పిలిచినా వెళ్ళట్లేదట, అదొక పెద్ద జోక్ అన్నట్టు నవ్వావు. మీ అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నీకెప్పుడూ చెప్పలేదు. ఐదో క్లాసులో నేను హాస్టల్లో ఉండేవాణ్ణి, అమ్మ ఉండగానే. మీ హోమ్‌లో కూడా చాలామందికి ఊళ్ళో అమ్మో నాన్నో ఉన్నారన్నావు కదా, అలాగే. అక్కడ ఒక చెవి తెగిన కుక్క ఉండేది. రాత్రి గంజన్నంలో ఒక ముద్ద చొక్కా అంచులో దాచి దానికి పెట్టేవాణ్ణి, ఆ చొక్కా ఎప్పుడూ అట్ట కట్టినట్టు ఉండేది. హాస్టల్ మొత్తంలో నేను పిలిస్తే వచ్చేది అదొక్కటే. ట్రైనింగ్‌కని ఒక టీచరమ్మ వచ్చింది, నలభై రోజులు. చాలా మంచావిడ, నాకు ఎక్కాలు వచ్చాయంటే ఆవిడ వల్లే. ఆవిడ దానికి బిస్కెట్లు కొని పెట్టేది. వారం తిరిగేసరికి నా ముద్ద వాసన చూసి వదిలేసి ఆవిడ గుమ్మం దగ్గర పడుకోవడం మొదలెట్టింది. ఆవిడ వెళ్ళిపోయిన రోజు బస్సు వెనకాల పరిగెత్తింది, గేటు దగ్గర నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నేను పెట్టలేదు. ముద్ద చేతిలోనే ఉంది, దాని ముందే నేను తినేశాను. ఐదో క్లాసు పిల్లాడికి అంత రోషం ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత అదెక్కడికి పోయిందో.

నువ్వు డిసెంబర్లో వచ్చేస్తావు. చుక్కి అక్కడే ఉంటుంది, వాడూ అక్కడే ఉంటాడు. అందుకని రేపట్నుంచి నువ్వు గడ్డి పెట్టకు. వాడితో కోయించు, నీకు కోయడం రాదని చెప్పు, ఎలాగూ రాదు. మేక నీ దగ్గరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడు. నాలుగు రోజులు నీకు బాధగా ఉంటుంది, ఉండనీ.

దశైం, అదే వాళ్ళ దసరా, దగ్గర పడుతోంది కదా, సాలలో ఇంకో రెండు పోతులు ఉన్నాయన్నావు, విత్తు కొట్టినవి. అవి ఎందుకున్నాయో నేనే చెప్పాలా? చుక్కి ఆడది, పాలిచ్చేది, దానికి భయం లేదు. ఆ రెండిటికీ నువ్వు పేర్లు పెట్టకు, హోమ్ వాళ్ళతో పోట్లాటకి దిగకు. మన అమ్మవారి సంబరాలప్పుడు మామ్మ పోతుని ఏడాది పెంచి ఆ రోజు తెల్లారే తోటలోకి వెళ్ళిపోయేది, సాయంత్రం వచ్చి వంట చేసేది, తినేది కాదు. అలా నువ్వూ ఎటైనా వెళ్ళు. పిల్లలకి తెలుసు, వాళ్ళకి నువ్వేం చెప్పక్కర్లేదు. తర్వాత వాళ్ళ దీపావళి, తిహార్ వస్తుంది, ఒక రోజు కాకులకి, మర్నాడు కుక్కలకి, తర్వాత ఆవులకి. కుక్కకి బొట్టు పెట్టి దండ వేస్తారట కదా, ఆ ఫొటో మాత్రం పంపు, మీ అమ్మ అడిగింది.

మీరుండే సౌరాహా చిత్వన్ అడవి పక్కనే కదా, రాత్రి ఖడ్గమృగం వీధిలోకి వస్తే ఫోన్ పట్టుకుని పరిగెత్తకు. కళ్ళు సరిగ్గా కనపడకపోయినా దానికి ముక్కూ చెవులూ గట్టివి. మన దగ్గర లఖారీ కొండల నుంచి ఏనుగులు దిగినప్పుడు మనం ఏం చేసేవాళ్ళం, తలుపులేసుకుని కూర్చునేవాళ్ళం, అదే చెయ్యి.

పిల్లలకి మన ఊరి కొమ్ము బొమ్మలు పంపుదామనుకున్నాను. నిన్న వెళ్ళి కూర్చున్నా కూడా, ముసలాయన కొమ్ముని నిప్పుల మీద వేడి చేసి మెత్తబడగానే వంచి కొంగ మెడ చేస్తుంటే చిన్నప్పుడు నువ్వు చూసినట్టే నోరు తెరుచుకుని చూశాను. తీరా డబ్బులిచ్చే ముందు గుర్తొచ్చింది, నేపాల్లో ఆవు జాతీయ జంతువు, ఆవు కొమ్ముతో చేసింది పంపితే ఎవరైనా నొచ్చుకుంటారేమో. గేదె కొమ్మువే ఏరించమని చెప్పొచ్చాను. హోమ్‌లో అడిగి చెప్పు, మొత్తం ఎంతమందో సరిగ్గా లెక్కపెట్టి రాయి, ఒక్కటి తక్కువైనా అక్కడ గొడవే. ఆ పళ్ళూడిన గుంటడికి కొంగ కావాలో రొయ్య కావాలో విడిగా అడుగు.

సూది వేయించుకున్న చీటీ ఫొటో తీసి పెట్టు.

మీ నాన్న