పక్క బెడ్ ఆంటీకి, ఇంకా కొంతమందికి థాంక్స్

నాన్న ఇంటికొచ్చారు. ముక్కులో గొట్టంతోనే వచ్చారు, కానీ వచ్చారు. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, రాసేది అటూఇటూ అయితే ఏమనుకోకండి. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయను.

పక్షవాతం వచ్చాక ఆయనకి మింగడం పోయింది. గుక్కెడు నీళ్ళు తాగించినా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చని రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి కడుపులోకి వెళ్ళే గొట్టం, వేశారు. అమ్మ, అన్నయ్య, వదిన వంతులవారీగా ఉన్నారు, వాళ్ళకి నేను థాంక్స్ చెప్తే తిడతారు. నేను చెప్పాల్సింది పక్క బెడ్ ఆంటీ గురించి. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. వాళ్ళాయనకీ ఇదే గొట్టం, చాలాకాలంగా.

మొదటిసారి ఫీడ్ (గొట్టంలో పోసే ద్రవాహారం) ఇచ్చేటప్పుడు డ్యూటీ మారే హడావుడిలో ఉన్న సిస్టర్ గారు నా చేతిలో పెద్ద సిరంజి పెట్టి, "ఇలా పోస్తే చాలు" అని వెళ్ళిపోయారు. చేతులు వణుకుతున్నాయి. ఆంటీ లేచి వచ్చి, ఏమీ అడక్కుండా ముందు మంచం తలవైపు పైకెత్తారు. "పడుకోబెట్టి పొయ్యకూడదమ్మా, సగం కూర్చున్నట్టు ఉండాలి. అయ్యాక కూడా అరగంట, వీలైతే గంట ఇలాగే ఉంచు." తర్వాత ముక్కు దగ్గర గొట్టం మీదున్న గుర్తు చూపించారు. ప్రతిసారీ అది అక్కడే ఉందో లేదో చూసుకోవాలి, జరిగినట్టు అనుమానమొస్తే చుక్క కూడా పొయ్యకుండా సిస్టర్‌ని పిలవాలి, మనం లోపలికి తొయ్యకూడదు.

సిరంజిలోంచి నొక్కేది తీసేసి, గొట్టానికి తగిలించి, ముందు 30 ఎం.ఎల్. నీళ్ళు, తర్వాత ఫీడ్, చివర్లో మళ్ళీ నీళ్ళు. ఆఖరి నీళ్ళు పొయ్యకపోతే లోపల గట్టిపడి గొట్టం మూసుకుపోతుందట. బలవంతంగా నొక్కకూడదు, దానంతట అదే దిగాలి. చెయ్యి ఎత్తితే తొందరగా దిగుతుంది, దించితే మెల్లగా. సిరంజి పూర్తిగా ఖాళీ అయ్యేలోపే గొట్టాన్ని మడిచి పట్టుకోవాలి, లేకపోతే గాలి పోయి కడుపు ఉబ్బరిస్తుంది. ఆవిడ నాతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే, రెండు వేళ్ళతో మడిచేశారు.

ఇదంతా ఒక ఎత్తు. పొయ్యడానికి ముందు ఆవిడ నాన్న చెవి దగ్గరికి వంగి, "అన్నయ్యగారూ, ఇప్పుడు నీళ్ళు పోస్తున్నాం, లోపల చల్లగా తగుల్తుంది, కంగారు పడకండి" అన్నారు. నాన్న కళ్ళు తెరిచి ఆవిడ వైపు చూశారు. అప్పటిదాకా ఆ మంచం చుట్టూ నిలబడి ఎంతోమంది ఆయన గురించి మాట్లాడారు, ఆయనతో మాట్లాడింది ఆవిడే. తర్వాత తడి దూదితో పెదాలు, నాలుక తుడిచారు. నోటితో ఏమీ తీసుకోకపోయినా నోరు శుభ్రంగా లేకపోతే ఇన్ఫెక్షన్ వస్తుందట. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చేశాను. స్కాన్ రిపోర్ట్ చూసినప్పుడు కూడా రాని ఏడుపు.

డిశ్చార్జ్ రోజు ఒక కాగితం ఇచ్చారు. "ట్యూబ్ ఫీడింగ్ కుటుంబానికి నేర్పించాం" అన్నచోట ముందే టిక్కు పెట్టేసి ఉంది, కింద నా సంతకం కావాలట. ఎవరండీ నేర్పించింది? ఇంకో రోగి భార్య! ఇంటికి పంపేముందు ఒక్క ఫీడ్ దగ్గరుండి మా చేత చేయించడానికి 20 నిమిషాలు పడుతుందేమో, అంతే కదా. మధ్యలో దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా వెంటనే ఆపెయ్యాలని కూడా ఆ కాగితంలో లేదు. మింగడం మళ్ళీ వచ్చిందో లేదో పరీక్ష చేసేది స్పీచ్ థెరపిస్ట్ అని మేం పదిమందిని అడిగి తెలుసుకున్నాం. సిస్టర్లని అనట్లేదు, ఒక్కరి నెత్తిన అన్ని బెడ్లు పెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. మనుషుల్ని పెట్టరు గానీ సంతకాలకి మాత్రం లోటు లేదు.

సంతకం పెట్టకముందే ఆంటీ వచ్చి, "ఈసారి నేను ముట్టుకోను, నువ్వే చెయ్యి" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మొదటినుంచీ చివరిదాకా నేనే చేశాను. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు, వాళ్ళాయన ఫీడ్ టైమైందని వెళ్ళిపోయారు.

మందుల షాపు అబ్బాయిని మర్చిపోతున్నాను. చీటీ చూసి, ఒక మాత్ర మెల్లగా కరిగే రకం, పొడి చేసి గొట్టంలో పొయ్యకూడదు, డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి అన్నాడు. అన్ని మాత్రలూ కలిపి నూరేయకుండా ఒక్కొక్కటీ విడిగా కలిపి, మధ్యలో నీళ్ళు పొయ్యమని చెప్పిందీ అతనే. నాన్న రాత్రిపూట గొట్టం పీకేసుకుంటే మళ్ళీ వేశాక, కడుపులోనే ఉందని ఎక్స్‌రేలో చూసుకునేదాకా ఫీడ్ మొదలుపెట్టరు కదా, ఆ వేళప్పుడు విసుక్కోకుండా ఎక్స్‌రే తీసినతనికి కూడా థాంక్స్.

అయ్యో, అంబులెన్స్ డ్రైవర్! ప్రతి గతుక్కీ ముందే "వస్తోందమ్మా, పట్టుకోండి" అని కేకేసి చెప్పాడు, గొట్టం కదలకుండా ఇంటిదాకా వచ్చామంటే అతని వల్లే.