పట్టేసిన హ్యాండ్‌బ్రేకు

అమ్మలూ,

నిన్న పొద్దున్న కారు కదలట్లేదని ఫోనులో నీ కంగారు విని, ముందు ఆటోలో ఆఫీసుకి వెళ్లిపొమ్మన్నాను. ఆ హడావిడిలో చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

దసరాకి ఇక్కడికొచ్చే ముందు రోజు కారు కడిగించి, తడి ఆరకుండానే హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేశావు. పద్దెనిమిది రోజులు అలాగే ఉంది. పైగా వానలు, విశాఖ ఉప్పుగాలి. మన కారుకి వెనకవి డ్రమ్ము బ్రేకులు. బ్రేకు లాగితే లోపల రెండు షూలు, అంటే వంపు తిరిగిన బ్రేకు పట్టీలు, విచ్చుకుని చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముని అదిమి పట్టుకుంటాయి. డ్రమ్ము పోత ఇనుము కదా, ఆ సందులో తడి నిలిస్తే తుప్పే రెంటినీ అతికించేస్తుంది. నువ్వు లివరు దించినా షూ వదలదు.

రేపు తీరిగ్గా చూడు. లివరు ఒక్క మెట్టు పైకి లాగి, బటను నొక్కి పూర్తిగా దించు. రెండు మూడు సార్లు చెయ్యి. లివరు బిగుసుకుపోయినా, పట్టు లేకుండా వదులుగా పడిపోయినా అది కేబులు తేడా, మెకానిక్కునే పిలు. లివరు బాగానే ఉంటే ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, రివర్సు వేసి క్లచ్చు నెమ్మదిగా వదులు. తర్వాత ఫస్టు గేరు. షూ ఊడితే 'టప్'మని వినిపిస్తుంది. నాలుగైదు సార్లకీ రాకపోతే ఆపెయ్. రేజ్ చెయ్యకు తల్లీ, క్లచ్చు ప్లేటు కాలిపోతుంది.

కదిలాక రెండు కిలోమీటర్లు మెల్లగా వెళ్లి ఆగు. ముట్టుకోకుండా వెనక చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టు. ఒకవైపు సెగ ఎక్కువగా కొడితే షూ ఇంకా రాసుకుంటోందన్నమాట. అలా నడపకు.

నీకు ఎనిమిదో నెలప్పుడు అన్నవరం వెళ్తూ నేను ఆ తప్పే చేశాను. కదిలింది కదా అని నడిపేశాను. తుని దాటాక కాలిన వాసన. దిగి చూస్తే చక్రం లోంచి పొగ. నేను నీళ్లు పోయబోతే పక్కనున్న టీకొట్టాయన చెయ్యి పట్టుకుని ఆపాడు, "చల్లనీళ్లు పడితే డ్రమ్ము చిట్లిపోద్ది బాబూ" అని. గంటసేపు అక్కడే చెట్టు కింద, మీ అమ్మ ఒళ్లో నువ్వు. ఆ రోజు గుర్తొస్తే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇకమీదట రోజుల తరబడి కారు ఆపితే చదునైన చోట పెట్టి, ఫస్టు గేరులో ఉంచి, చక్రానికి ముందొకటీ వెనకొకటీ ఇటుకలు పెట్టు. హ్యాండ్‌బ్రేకు లాగకు. తడిసిన రోజైతే ఆపే ముందు కాస్త దూరం మెల్లగా బ్రేకు నొక్కుతూ నడుపు, ఆ వేడికి లోపల ఆరుతుంది.

రేపటికీ రాకపోతే అలాగే వదిలెయ్. డ్రమ్ముని తట్టి వదిలించడానికి ఆదివారం రత్నాచల్ రైలుకి సుత్తీ చెక్కముక్కా పట్టుకుని నేనే వస్తాను. మీ అమ్మ పులిహోర కలిపిస్తానంటోంది.

మీ నాన్న