డయానా తౌరాసీ రష్యా సీజన్లనూ రాయండి

సంపాదకుల వారికి,

అయ్యా, అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా తౌరాసీ పేరు వస్తే ఆరు ఒలింపిక్ స్వర్ణాల గురించే రాస్తారు. ఆమె కెరీర్‌లో చాలా చలికాలాలు రష్యాలో గడిచాయి. వేసవిలో అమెరికా జట్టు ఫీనిక్స్ మెర్క్యురీకి ఆడటం, చలికాలం రాగానే రష్యా విమానం ఎక్కడం. ఒంటికి విశ్రాంతి ఎక్కడిది?

2015లో రష్యాలోని ఎకటెరిన్‌బర్గ్ క్లబ్ ఆమెకు డబ్బిచ్చి అమెరికా సీజన్ మొత్తం ఆడొద్దంది. స్వదేశంలో ఆమె జీతం లక్ష డాలర్ల చిల్లర. రష్యాలో సుమారు 15 లక్షలని పత్రికలు రాశాయి. స్వదేశంలో ఆడకుండా కూర్చోవడానికి పరాయి దేశం అంత డబ్బిచ్చిందంటే, సిగ్గుపడాల్సింది ఆమె కాదు, అమెరికా లీగ్!

ఆ డబ్బు ఊరికే రాలేదు. అంతకు ముందు ఆమె ఆడిన స్పార్టక్ మాస్కో యజమాని కల్మనోవిచ్‌ను 2009 నవంబరులో మాస్కో నడివీధిలో కారులోనే కాల్చి చంపారు. అయినా ఆ సీజన్‌లో జట్టు యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోలీగ్ గెలిచింది. గుండె నిబ్బరమంటే అదీ!

2022లో ఎకటెరిన్‌బర్గ్‌కే ఆడే మరో అమెరికా క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను మాస్కో విమానాశ్రయంలో అరెస్టు చేస్తే బయటపడటానికి దాదాపు పది నెలలు పట్టింది. అంత దూరం ఎందుకెళ్లిందని అడిగినవాళ్లు చాలామంది. ఇంట్లో సరైన జీతమిస్తే ఎవరు వెళతారండీ?

మీ క్రీడల పేజీ ఎన్‌బీఏ పురుషుల స్కోర్లు చక్కగా ఇస్తోంది. ఈ మహిళల విదేశీ సీజన్లకూ వారానికో కాలమ్ కేటాయించమని మనవి.

– ఒక పాఠకురాలు, విజయవాడ